కీ అయిపోయే వేళ

పోయిన మాఘమాసంలో రాజాంలో దూరపు బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాను. ఇప్పటి పెళ్ళిళ్ళలో పురోహితుడి మాట కన్నా వీడియో తీసేవాళ్ళ మాటే చెల్లుబాటు కదా, నడవమంటే నడవాలి, నవ్వమంటే నవ్వాలి, కట్టిన తాళే మళ్ళీ ఒకసారి కట్టినట్టు చెయ్యమంటే అదీ చెయ్యాలి. ఆ హడావిడిలో పెళ్ళికూతురి నాయనమ్మను చెయ్యి పట్టుకు తీసుకొచ్చి కెమెరా ముందు నిలబెట్టి, మనవరాలిని దీవిస్తూ నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆవిడ కొంగు భుజం నిండా కప్పుకుని, రెండు చేతులూ కిందికి దించి, ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా అలాగే నిలబడిపోయింది. ఇది ఫోటో కాదు, కదలొచ్చు అని ఎవరో చెబితే ఆవిడ ఇంకా బిగుసుకుంది. పిల్లలంతా గొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, మీలో నా ఈడువాళ్ళెవరైనా అక్కడ ఉంటే మీకూ వచ్చేది కాదు.

నేను విజయనగరంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. పుర్రెకో బుద్ధి అన్నారు, నా పుర్రెకు పట్టింది కీ ఇచ్చి తిప్పే పాత సినిమా కెమెరాలు పోగెయ్యడం. వాటికి బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. గోడగడియారానికి ఇచ్చినట్టే, పక్కనున్న చెవిని మడత విప్పి కరకరమని తిప్పితే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది, మీట నొక్కితే అది విచ్చుకుంటూ ఫిలింను లాక్కుపోతుంది. నిండా కీ ఇస్తే అర నిమిషం నడుస్తుందేమో, ఆ పైన దేవుడు దిగివచ్చినా బొమ్మ కదలదు, మళ్ళీ కీ ఇచ్చుకోవలసిందే. గంటస్తంభం వెనక పాత సామాన్ల కొట్లో ఒకటి దొరికింది, శ్రీకాకుళంలో మూతపడిన స్టూడియోవాళ్ళ అటక మీద ఒకటి, రాజాంలో పప్పుల వ్యాపారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నది ఇంకొకటి. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకు మా ఆవిడ అద్దాల బీరువా చూపించి, పనిచెయ్యని వీటికి చేసే సేవలో కాస్తయినా పనిచేసే నాకు ఈయన ఎన్నడూ చెయ్యలేదని చెబుతుంది. పనిచెయ్యనివి అనడం అన్యాయం. దాదాపు అన్నీ పనిచేస్తాయి, వాటిలో వెయ్యడానికి ఫిలిమే దొరకదు.

సాయంత్రం కాఫీ తాగాక ఒక్కొక్కదాన్ని ఒళ్ళో పెట్టుకుని కీ ఇచ్చి విడవడం నాకు అలవాటు. ఆ చప్పుడు వింటుంటే కళ్ళు మూతలు పడతాయి, నిద్ర కాదు, మెలకువా కాదు, ఎండాకాలం మధ్యాహ్నం చాప మీద పడుకుని పక్కింటి కుట్టుమిషను వింటున్నట్టుంటుంది. ఒక్కోదానికి ఒక్కో గొంతు. కొన్ని తుమ్మెదల్లా ఝుమ్మంటాయి, కొన్ని గింజలు వేయించినట్టు చిటపటలాడతాయి. ఖరీదైనవి స్ప్రింగు బలం తగ్గగానే టక్కుమని ఆగిపోతాయి, పెద్దింటి మర్యాద. పాతబడి అరిగినవి మాత్రం అలా ఆగవు. గొంతు తగ్గించుకుంటూ, అలిసిపోతూ, ఇంకొంచెం ఇంకొంచెం అంటూ ఈడ్చుకుపోయి ఆఖరికి నిద్రపోతాయి. నాకు ఈ రెండో రకమంటేనే ప్రాణం. నాకీ పిచ్చి అంటించిన మా మేనమామ కెమెరా అలాంటిదే.

మామయ్య విజయనగరం దగ్గర జనపనార మిల్లులో గుమాస్తా. మా అమ్మకూ పిన్నికీ అన్నగారు. మిల్లులో పనిచేసిన దొరొకడు తన దేశం వెళ్ళిపోతూ, మోసుకుపోలేని సామానంతా తలా కొంచెం పంచిపెడితే, మామయ్య వంతుకు ఈ నల్లటి కెమెరా, బొమ్మ వేసే చిన్న మిషనూ వచ్చాయి. మిగతావాళ్ళకు కుర్చీలూ పింగాణీ కప్పులూ వచ్చినందుకు వాళ్ళు మామయ్యను చూసి జాలిపడ్డారట. ఆయన మాత్రం కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఊరూరా తిరిగాడు. రాజాం దగ్గర మా తాతగారి ఊరు వెళ్ళి ఇంటిల్లిపాదినీ తీశాడు, కళింగపట్నం వెళ్ళి ఇసకలో ఎండుతున్న చేపలనూ వాటిని కాపలా కాసే ముసలమ్మలనూ తీశాడు. తీసిన ఫిలిం బొంబాయి పంపితే, కడిగి వెనక్కి రావడానికి నెలలు పట్టేది.

అయితే ఆయనకు వచ్చిన చిక్కల్లా ఒకటే. జనం కదిలేవారు కాదు. ఫోటో స్టూడియోల్లో కదలొద్దు, రెప్ప వెయ్యొద్దు అని చెప్పించుకున్న జనం కదా, కెమెరా కనబడితే చాలు, అన్నీ సర్దుకుని కొయ్యబారిపోయేవారు. మామయ్య కదలండర్రా, నడవండర్రా, మాట్లాడుకోండర్రా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా, అలాగలాగే అని తలైనా ఊపకుండా పెదవుల చివరనుంచే చెప్పి మళ్ళీ బిగుసుకునేవారు. దాన్ని వాళ్ళు మొండితనమనుకోలేదు, మర్యాద అనుకున్నారు. ఎంతో ఖర్చుపెట్టి మనిషి మన బొమ్మ తీస్తుంటే అటూ ఇటూ కదిలి పాడుచెయ్యడం పద్ధతేనా అని. ఆ రీళ్ళన్నిటిలోనూ కదిలేవి ఆవు తోకలు, కోళ్ళు, తీగ మీద ఆరేసిన పంచెలు. మనుషులు మాత్రం గోడకు తగిలించిన పటాలే.

కీ అయిపోయే వేళ మాత్రం అలా ఉండేది కాదు. చప్పుడు నీరసపడగానే అమ్మయ్య, అయిపోయిందనుకుని అందరూ ఒక్కసారి ఊపిరి వదిలేసేవారు. తాతయ్య చుట్ట వెలిగించుకునేవాడు, అమ్మమ్మ ఎవర్నో కేకేసేది, పిల్లలు ఒకర్నొకరు గిచ్చుకునేవారు. అయితే స్ప్రింగు ఇంకా పూర్తిగా చావలేదు కదా, అదంతా ఫిలిం మీద పడేది. కాకపోతే కెమెరా మందగించినప్పుడు తీసిన బొమ్మ తెర మీద పరుగులు పెడుతుంది, పైగా వెలుతురు ఎక్కువ పడి తెల్లగా పాలిపోతూ ఉంటుంది. దాంతో అప్పటిదాకా విగ్రహాల్లా నిలబడ్డ పెద్దలు ఉన్నట్టుండి తైతక్కలాడుతూ తెల్లటి వెలుగులో కలిసిపోయేవారు. మొదటిసారి చూసి అందరూ పగలబడి నవ్వితే తాతయ్య నొచ్చుకున్నాడు. అప్పటినుంచి మామయ్య రీలు రాగానే, ఎవరికీ చూపించకముందే, ఆ తోకలన్నీ కత్తిరించేసేవాడు. కీ చివర పడిన ఆ ముక్కల్నే తోకలనేవాడు. కత్తిరించినవి ఏం చేసేవాడో మాకెవరికీ పట్టలేదు.

ఇక మా పిన్ని సంగతి చెప్పాలి. ఆమెకు పురుడు పుట్టింట్లోనే వచ్చింది. ఆడపిల్ల. పుట్టిన నక్షత్రం తండ్రికి గండమన్నారు. అలాంటి బిడ్డకు శాంతి చేయించేదాకా తండ్రి దాని మొహం చూడకూడదనీ, చేయించాక కూడా ముందు నూనెగిన్నెలో బిడ్డ నీడ చూసి, ఆ తర్వాతే బిడ్డను చూడాలనీ మనవైపు ఉన్న ఆచారం మీకు తెలిసిందే. శాంతికి కొన్ని నెలల తర్వాత ముహూర్తం కుదిరింది. బాబాయిది కళింగపట్నం, కొబ్బరికాయల వ్యాపారం. పొడుగాటి మనిషి, నవ్వితే ముందు భుజాలు నవ్వేవని గుర్తు. రాజాం సంతలో పని ఉందని చెప్పి అత్తవారింటికి వచ్చేవాడు. వాకిట్లోనే కాళ్ళు కడుక్కుని, అరుగు మీదే భోంచేసి, పెరటి గదిలో బిడ్డ ఏడుపు వింటూ కూర్చునేవాడు. ఆ గదివైపు ఆయన్ను వెళ్ళనివ్వకుండా అమ్మమ్మ ఏదో ఒక పని పెట్టుకుని గుమ్మంలోనే ఉండేదట.

అలా వచ్చిన ఒక రోజున, అమ్మమ్మా తాతయ్యా నూర్పుడు కళ్ళానికి వెళ్ళిన వేళ, మామయ్య బావగారిని వాకిట్లో నిలబెట్టి కీ ఇచ్చాడు. ఆ రీలు బొంబాయి వెళ్ళింది. అది తిరిగొచ్చేలోగా బాబాయికి సన్నిపాత జ్వరం వచ్చింది. శాంతి చేయించవలసిన రోజు రాకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగాక, దీపాలు పెట్టే వేళ, తాతగారి వాకిట్లో తెల్ల పంచెను తెరలా కట్టి మామయ్య ఆ రీలు వేశాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళుంటాయి. పిన్ని లోపలి గుమ్మం దగ్గర, వెలుగు తన మీద పడకుండా తలుపు చాటున నిలబడింది. పంచె మీద బాబాయి వచ్చాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల, రెండు చేతులూ కిందికి దించి, రెప్ప వెయ్యకుండా మావైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనక తీగ మీద చీర ఎగురుతోంది, ఆయన మాత్రం కదల్లేదు. అంతలో పంచె తెల్లబడింది. గుమ్మంలోంచి పిన్ని గొంతు వినిపించింది.

"అంతేనేటన్నియ్యా?"

"కీ అయిపోనాదమ్మా," అన్నాడు మామయ్య, మిషనులోంచి రీలు తీసుకుంటూ. పిన్ని ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడు ఆ రీలు వేసినా బయటికి రాలేదు.

ఆ పిల్ల, వరసకు నా చెల్లెలు, తండ్రి చూపుకు నోచుకోని పిల్లగా పెరిగింది. గయ్యాళులు తండ్రిని మింగిందన్నారు, మంచివాళ్ళు పాపం తండ్రి దీని మొహమైనా చూడకుండా పోయాడన్నారు, ఆమెకు రెండో మాటే ఎక్కువ గుచ్చుకునేదని నాకనిపిస్తుంది, ఎందుకంటే దానికి ఎదురు చెప్పడానికి వీల్లేదు. పెళ్ళయి రాజాంలో ఎరువుల కొట్టు నడిపే ఇంటికి వెళ్ళింది, నోరున్న మనిషి, కొట్లో కూర్చుంటే బేరగాళ్ళు జడిసేవారు. అలాంటిది తన కొడుక్కి కొడుకు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలోనే నిలబడిపోయి, ముందు మీరందరూ సూడండి, నాను తరవాత సూత్తాను అంది. నేనక్కడే ఉన్నాను. ఆ మాట నవ్వుతూనే అంది, ఎవరూ అనమనలేదు, అయినా అంది. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి పసిబిడ్డ మీద తన చూపు పడడానికి భయపడింది.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ రీలు వెయ్యమనేది. వేసేవాణ్ణి. నాన్న కదుల్తాడేమోనని సూత్తన్నానన్నియ్యా అనేది ప్రతిసారీ. ఒకసారైనా రెప్ప వేస్తాడేమోనని నేనూ ఆశగా చూసేవాణ్ణి. మిషను చప్పుడూ ధూళీ తప్ప ఏమీ ఉండేది కాదు.

మామయ్య పోయి చాలాకాలమైంది. బతికుండగానే తన కెమెరా, బొమ్మ వేసే మిషనూ, రీళ్ళూ నాకిచ్చేశాడు. మొన్న వానాకాలంలో, శ్రీకాకుళంలో కూతురి దగ్గర ఉంటున్న అత్తను చూడడానికి వెళితే, సూదీ దారం ఉంటాయనుకుని ఇన్నాళ్ళూ దాచానంటూ ఒక బిస్కట్ల డబ్బా నా చేతిలో పెట్టింది. మూత తీస్తే లోపల చిన్న చిన్న ఫిలిం ముక్కలు, గుప్పెడు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. మామయ్య కత్తిరించిన తోకలు. ఒక్కటీ పారెయ్యలేదు మహానుభావుడు.

ఆ నెలంతా నాకు పండగే. నా దగ్గర చేత్తో పిడి తిప్పి చూసుకునే చిన్న పెట్టె ఉంది, లోపల బల్బు, ముందు అరచేతంత అద్దం. బొమ్మ ఎంత వేగంగా కదలాలో తిప్పే చేతి ఇష్టం. ముక్కకు రెండువైపులా తెల్ల ఫిలిం అతికించి, కీ నీరసపడుతున్నకొద్దీ నా చేతినీ నీరసపరుస్తూ తిప్పితే, తెర మీద తైతక్కలాడిన పెద్దలు ఇప్పుడు మామూలుగా, మనుషుల్లా కదిలారు. ఇన్నేళ్ళు ఆ స్ప్రింగుల ఆయాసం వినడం వృథా పోలేదు. తాతయ్య చుట్ట వెలిగించుకున్నాడు. అమ్మమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఎవర్నో తిట్టింది. అప్పటికింకా పెళ్ళికాని మా అమ్మ, ఇప్పటి నా మనవరాలి కన్నా చిన్నది, పరికిణీ దులుపుకుని నవ్వింది. రెండు మూడు రోజులు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని మా ఆవిడ అంటుంది, నిజమే అయ్యుంటుంది.

అలా ఒక ముక్కలో ఆ వాకిలి, తీగ మీద ఆ చీర కనబడ్డాయి. బాబాయి నిలబడి ఉన్నాడు. అంతలో ఆయన భుజాలు దిగాయి. తల పక్కకు తిప్పి, నవ్వి, పెరటివైపు నాలుగు అంగలు వేశాడు. బొమ్మ అంచులోంచి గాజుల చేతులు రెండు, పాతచీరలో చుట్టిన బిడ్డను అందించాయి. ఆయన తీసుకున్నాడు. తన మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. అప్పటికే బొమ్మ తెల్లబడిపోతోంది.

నేను పిడి వెనక్కి తిప్పి ఆ గాజుల చేతులను మళ్ళీ చూశాను. ఆ చేతులు పిన్నివి. అంతేనేటన్నియ్యా అని గుమ్మంలోంచి ఎందుకు అడిగిందో నాకప్పుడు తెలిసింది. మామయ్య ఈ ముక్కను నవ్వులాటకు భయపడి కత్తిరించలేదు. శాంతి కాకుండా బిడ్డను చూసినందుకే పోయాడని ఊరంతా అంటుందనీ, ఆ నింద పిన్ని మీదా, ఆ పసిదాని మీదా జన్మంతా ఉంటుందనీ కత్తిరించాడు. అందుకే నోట్లో నువ్వుగింజ నానని మా మామయ్య కూడా పోయేదాకా పెదవి విప్పలేదు. పిన్నీ కన్నుమూసేదాకా విప్పలేదు. ఆ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఈ సంగతి తమలో తాము ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు అది నా చేతికొచ్చి పడింది. వాళ్ళు దాచింది నేను చూపించడమా? తండ్రి తనను చూడలేదన్న బాధను తీసేసి, తనను చూసినందుకే పోయాడన్న అనుమానం పెట్టడమా? ఏ బరువు తక్కువో లెక్కల మాష్టారుకు తేలలేదు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. మా ఆవిడతో చెప్పాను. ఆవిడ వంకాయ కోస్తూ, మీ చెల్లెలు చిన్నపిల్లా అంది. అంతే అంది.

కార్తీకంలో ఒక ఆదివారం చెల్లెలు బస్సు దిగి, ఆటోలో ఇంటికి వచ్చింది. ఎప్పటిలాగే రీలు వెయ్యమంది. ఈసారి వేరే ముక్క ఉందన్నాను. పెట్టె ముందు కూర్చోబెట్టి, పిడి ఆమె చేతికిచ్చి, ముందు నెమ్మదిగా తిప్పు, పోను పోను ఇంకా నెమ్మదిగా తిప్పు అని మాత్రం చెప్పాను. నేను పక్కనే నిలబడ్డాను, చూడాలని లేదు, వెళ్ళిపోవాలనీ లేదు. వాకిలి వచ్చింది. బాబాయి భుజాలు దిగాయి. ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. ఎరువుల మూటలెత్తిన ఆ చెయ్యి ఎంత మెత్తగా తిరిగిందంటే, ఆయన నడకలో ఎక్కడా తొందర లేదు. గాజుల చేతులు వచ్చాయి. అవి ఎవరివో ఆమెకు నేను చెప్పనక్కర్లేకపోయింది. బిడ్డ పైకి లేచింది, ఆయన మొహానికి ఎదురుగా. ఆమె అక్కడినుంచి తిప్పలేదు. ఎక్కువసేపు ఆపితే బల్బు వేడికి ఫిలిం కాలిపోతుంది, ఇంకెవరైనా అయితే కేకలు వేసేవాణ్ణి. ఆపనిచ్చాను.

కాసేపటికి పిడి వెనక్కీ ముందుకూ తిప్పుకుంది, ఎన్నిసార్లో. తర్వాత కళ్ళు తుడుచుకోకుండానే నావైపు తిరిగింది. నేను భయపడ్డ ప్రశ్న ఆమె అడగలేదు. ఆ ప్రశ్న ఆమెకు తట్టింది, అది మొహంలో కనబడింది, దానికి జవాబు తనే చెప్పింది.

"పోతే పోనాడన్నియ్యా," అంది. "సూసే పోనాడు."

ఈ కాలపు తండ్రులు బిడ్డ పుట్టకముందే దాని గుండె కొట్టుకోవడం తెర మీద చూస్తున్నారు, పుట్టిన ఘడియలోనే మొహం ఊరందరికీ ఫోనుల్లో పంపుతున్నారు, నూనెగిన్నె పట్టుకుని ఎదురుచూసేవాళ్ళు మనవైపు కూడా తగ్గిపోయారు. మంచిదే, ఆ గిన్నె కోసం నాకు బెంగలేదు. ఎంతసేపైనా తియ్యొచ్చు, ఎవరూ కీ ఇచ్చుకోనక్కర్లేదు, ఎవరూ కొయ్యబారిపోనక్కర్లేదు. కానీ ఎంతసేపైనా ఉంటుందన్న ధీమాతో తీసినవి తిరిగి ఎవరూ చూడడం లేదేమోనని నాకొక చింత. మా చెల్లెలు ఆ ముక్క నన్నడిగి తీసుకువెళ్ళింది, దాన్ని చూసే పెట్టె కూడా ఇచ్చాను. ఫిలిం అరిగిపోతుందనీ, గీతలు పడతాయనీ, నాలుగేళ్ళు తిప్పితే అందులో ఏమీ మిగలదనీ చెప్పాను. అరిగిపోనీ అంది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక తిప్పుకుంటోందని ఆమె కోడలు ఫోనులో చెప్పింది.